సిరీస్‌లో కనిపించిన ఆ గుట్ట ఎక్కడిదో కనిపెట్టడం ఎలా

రెండేళ్ల కింద ఓ మిస్టరీ సిరీస్ చూస్తున్నాను. మూడో ఎపిసోడ్‌లో చెరువు కట్ట మీద పోలీసు జీపు వచ్చి ఆగుతుంది. తెర మీద 'రాయలసీమలో ఒక మారుమూల గ్రామం' అని అక్షరాలు పడ్డాయి. జీపు వెనకాల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు, గుట్ట నడుము చుట్టూ పాత రాతిగోడ. చూడగానే మా ఆవిడతో అన్నాను, "ఇది మన నల్లగొండ దిక్కుదే" అని. అన్నాను గానీ, ఆ చోటు పట్టుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం పూర్తిగా వృథా. ఎందుకు వృథా అయిందో కింద చెప్తాను, ఆ తప్పు ఎవరైనా చేసేదే.

మన దగ్గర షూటింగ్‌లు జరుగుతూనే ఉంటాయి. హైదరాబాద్‌లో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయే దూరం. కానీ తెర మీద మన ఊరి పేరు కనిపించదు. ఇది ఫలానా చోటు అని ఎవరో ఒకరు వెతికి చెప్పాల్సిందే. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆ పని ఎలా చేయాలో నేను చేసిన పద్ధతిలోనే రాస్తున్నాను.

ముందు బయటను, లోపలను విడదీయండి

తెర మీద ఒక ఊరు కనిపిస్తే అది నిజంగా ఒకే ఊరు అనుకోవద్దు. బ్రిటన్‌లో 2013లో మొదలైన 'బ్రాడ్‌చర్చ్' సిరీస్ తీసుకోండి. కథలో అదంతా సముద్రం ఒడ్డున ఒకే చిన్న ఊరు. నిజానికి పిల్లవాడి శవం దొరికిన ఆ నిటారు కొండ డోర్సెట్ తీరంలో వెస్ట్ బే దగ్గర ఉంది. ఊరి చర్చి మాత్రం సోమర్సెట్‌లోని క్లీవ్‌డన్‌లో ఉంది. 1990లో అమెరికాలో వచ్చిన 'ట్విన్ పీక్స్' కూడా అంతే. జలపాతం వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోక్వాల్మీలోది, కాఫీ తాగే హోటల్ పక్కనున్న నార్త్ బెండ్ ఊరిది. 1984లో బ్రిటన్ టీవీలో మొదలైన షెర్లాక్ హోమ్స్ సిరీస్‌లో మనం చూసిన లండన్ బేకర్ స్ట్రీట్ అసలు లండన్‌లోదే కాదు, మాంచెస్టర్‌లో స్టూడియో వాళ్లు వేసిన సెట్.

కాబట్టి ఒక నోటుబుక్కు తీసుకుని పేజీ మధ్యలో గీత గీయండి. ఒక వైపు బయట తీసిన సీన్లు, ఇంకో వైపు లోపల తీసినవి. ఎపిసోడ్ నంబరు, ఎన్నో నిమిషం అన్నది పక్కనే రాసుకోండి. గడి, అంటే పాత దొరల కోటలాంటి ఇల్లు, బయటి నుంచి మన దగ్గరిదే అయినా, లోపలి హాలు హైదరాబాద్‌లో సెట్ అయి ఉండొచ్చు. లోపలి సీన్లతో కుస్తీ పడి టైం పోగొట్టుకోకండి. బయటివాటిలో కూడా రెండు మూడు మంచి షాట్లు ఎంచుకుంటే చాలు.

హీరోను వదిలేసి వెనకాల చూడండి

షాట్‌ను ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, ముఖాల మీద బొటనవేలు పెట్టి మూసేయండి. మిగిలిందే మీకు పనికొచ్చేది. డిటెక్టివ్ పాత్ర ఏం చేస్తుందో మీరూ అదే చేస్తున్నారు. మనుషులు కథ చెప్తారు, వెనకున్న గోడ, రోడ్డు, గుట్ట మాత్రం ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయి.

బండ్ల నంబర్లతో మొదలుపెట్టండి. హీరో జీపు నంబరు నమ్మొద్దు, అది షూటింగ్ కోసం మార్చిన ప్లేటు. దూరంగా ఎవరి మానాన వాళ్లు పోయే ఆటో, ట్రాక్టర్, బైక్ చూడండి. టీఎస్ 05 అయితే నల్లగొండ, 06 మహబూబ్‌నగర్, 29 సూర్యాపేట, 30 యాదాద్రి, 31 నాగర్‌కర్నూల్, 32 వనపర్తి, 33 గద్వాల. పాత బండ్లయితే ఏపీ 24 నల్లగొండది, ఏపీ 22 పాలమూరుది. ఒక్క బండితో తేల్చేయకండి, దారిన పోయేది ఎక్కడిదైనా కావచ్చు. మూడు నాలుగు ఒకే నంబరుతో కనిపిస్తే మాత్రం మీరు ఆ జిల్లాలో ఉన్నట్టే.

తర్వాత కిలోమీటరు రాళ్లు. పైన పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. మన ప్రాంతంలో జాతీయ రహదారులు కొన్నే కాబట్టి ఇది బాగా పనికొస్తుంది. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట మీదుగా పోయేది 65. జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా అలంపూర్ చౌరస్తాకు పోయేది 44. మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయేది 765.

తీసిన కాలం కూడా పట్టుకోవచ్చు. బోర్డు మీద 'సూర్యాపేట జిల్లా' అని ఉంటే అది 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చిన తర్వాతిది. టీజీ నంబరు కనిపిస్తే 2024 మార్చి దాటింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టు కనిపించిందనుకోండి. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక సందర్శకులను ఆపేశారు. చెదలు పట్టిన మానుకు 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. అందుకే జనం మాను పక్కనే కూర్చున్న సీన్ ఉంటే అది అంతకు ముందు తీసిందేమో అని చూడండి. ఆ చెట్టుకు మనిషికి పెట్టినట్టు డ్రిప్ పెట్టిన ఫోటోలు వచ్చిన రోజుల్లో మా ఇంట్లో అందరం దిగులుపడ్డాం.

చొక్కా జేబు చూడండి

నా మొదటి ఆదివారం ఇక్కడే పోయింది.

గుండ్ల మీద రాతిగోడ చూసి అది రాచకొండే అని గట్టిగా అనుకున్నాను. సంస్థాన్ నారాయణపురం దాకా పోయి, మట్టి దారి పట్టి, కోట గోడల వెంట సాయంత్రం దాకా తిరిగాను. రేచర్ల పద్మనాయకుల రాజధాని అది. సున్నం లేకుండా పెద్ద పెద్ద రాళ్లను ఒకదానికొకటి అతికినట్టు పేర్చిన గోడలు, ఎంతసేపు చూసినా తనివి తీరదు. కానీ ఫోన్‌లో ఉన్న గుట్ట గీతకు, అక్కడి ఏ గుట్టకూ పొంతన కుదరలేదు. నీళ్లు అయిపోయాయి, కాళ్లు పీకాయి, మెదలకుండా వచ్చేశాను.

ఆ రాత్రి స్క్రీన్‌షాట్ మళ్లీ చూస్తుంటే జీపు వెనకాల నిలబడ్డ ఊరాయన మీద కన్ను పడింది. తెల్ల చొక్కా, జేబులో బీడీ కట్ట. ఆ జేబు ఆయనకు కుడి వైపు ఉంది. మన చొక్కాలకు జేబు ఎడమ వైపు కదా ఉండేది! ఎడిటింగ్‌లో ఆ షాట్‌ను అద్దంలో బొమ్మలా కుడిఎడమలు తిప్పేశారన్నమాట. ముందు షాట్‌లో జీపు ఎటు పోతుందో ఈ షాట్‌లోనూ అటే పోవాలని అలా తిప్పుతారు. ఫోన్ గ్యాలరీలో ఎడిట్‌కు వెళ్లి బొమ్మను తిప్పాను. గుట్ట గీత మొత్తం మారిపోయింది. దేవరకొండ ఖిల్లా గుట్టలను చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూసినవాడిని, ఈసారి గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను?

అందుకని ప్రతి షాట్‌లో మూడు చూడండి: చొక్కా జేబు, చీర పైట ఏ భుజం మీద ఉంది, గోడల మీద అక్షరాలు. అక్షరాలు తిరగబడితే ఎడిటర్‌కే తెలిసిపోతుంది కాబట్టి అవి లేని షాట్లనే తిప్పుతారు. అక్కడ జేబూ పైటే మీకు దిక్కు.

రాత్రి సీన్లలో ఇంకో సంగతి ఉంటుంది. నేల మీద నీడలు కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటే అది పట్టపగలు తీసి నీలం రంగు వేసింది కావచ్చు. అలాంటి షాట్‌లో బ్రైట్‌నెస్ పెంచితే దూరంగా గుట్టలు బయటపడతాయి.

రాయి, నేల, పంట

దక్షిణ తెలంగాణ అంతా ఒకటే బండ అనుకుంటారు బయటివాళ్లు. మనకు తేడా తెలుసు. నల్లగొండ, దేవరకొండ, భువనగిరి దిక్కున గుండ్రటి గ్రానైట్ గుండ్లు, కొన్నిచోట్ల కొండంతా ఒకే బండ. అమ్రాబాద్ దాటి నల్లమలలోకి పోతే గుండ్లు తగ్గి, పైన చదునుగా ఉండి అంచులు కోసినట్టున్న కొండలు వస్తాయి. అలంపూర్‌లో గుళ్లు ఎర్రటి ఇసుకరాయివి. బాదామి చాళుక్యులు కట్టిన ఆ నవబ్రహ్మ ఆలయాల్లో చాలావాటి శిఖరాలు ఉత్తరాది గుళ్లలా ఒంపు తిరిగి పైకి పోతాయి. తెర మీద ఆ ఒంపు, ఆ ఎరుపు కలిసి కనిపిస్తే ముందు అలంపూర్ వైపే వెతకండి.

పంట కూడా చెప్తుంది. కనుచూపు మేర వరి ఉండి మధ్యలో పెద్ద కాల్వ పోతుంటే మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ కింద చూడండి. బత్తాయి తోటలు నల్లగొండ గుర్తు. మోదుగు ఎర్రగా పూసిందంటే అది మాఘ ఫాల్గుణాల్లో తీసిన సీను, మీరు వానాకాలంలో పోతే ఆ చోటు అసలు గుర్తుపట్టరు.

పాలమూరు దిక్కున మాత్రం ఒక చిక్కు ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగే గుళ్లను విప్పి, రాయికి రాయి మళ్లీ పేర్చి వేరే చోట కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇప్పుడు అలంపూర్‌లో ఉంది. సోమశిల గుడి కూడా అలాగే పైకి వచ్చింది. పాత ఫోటోలో ఉన్న గుడి అదే, చుట్టూ నేల మాత్రం వేరు. పాత దృశ్యంతో పోల్చేటప్పుడు గుడి ఒక్కటే కుదిరి మిగతావి కుదరకపోతే కంగారు పడకండి. గుడే కదిలి వచ్చిందేమో ఊళ్లో పెద్దలను అడగండి. ఆ మాట అడిగితే వాళ్లు మునిగిపోయిన ఇంటి నుంచి మొదలుపెట్టి చెప్తారు. తొందరపెట్టకుండా వినండి.

మ్యాప్‌లో చెరువు కట్ట వెతకండి

ఉపగ్రహ చిత్రంలో గుట్ట పట్టుకోవడం కష్టం. చెరువు కట్ట సులువు, ఒక్కో కట్టకు ఒక్కో వంపు ఉంటుంది. తూము ఎక్కడుంది, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఏ కొసన ఉంది, కట్ట మీద తాటిచెట్లు ఎన్ని అన్నవి స్క్రీన్‌షాట్‌లో లెక్కపెట్టి మ్యాప్‌లో సరిచూడండి. నీడ పడే దిక్కు చూస్తే కెమెరా ఎటు చూస్తోందో తెలుస్తుంది. పొద్దున నీడలు పడమటికి, సాయంత్రం తూర్పుకు. సీనులో పాలక్యాన్లు పోతుంటే, పశువులు అప్పుడే విడిచినట్టుంటే అది పొద్దుటి వెలుగు కావచ్చు.

నీడ మీద చేయి తిరగాలంటే ఒకసారి నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోండి. మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం అది. వాటిలో ఒకదానిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి పడుతుంది. బయట పొద్దు ఎంత తిరిగినా ఆ నీడ అక్కడే ఉంటుంది. అది ఒక్క స్తంభం నీడ కాదని, ముందున్న స్తంభాల నీడలు కలిసి అలా పడుతున్నాయని భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు నమూనా కట్టి మరీ చూపించారు. నేను అక్కడ గోడకు చేతివేళ్లు అడ్డం పెట్టి చూశాను, నీడ అంచు ఒక దగ్గర గట్టిగా, ఇంకో దగ్గర పల్చగా ఉంటుంది. అలా పల్చబడిందంటే వెలుగు చుట్టుపక్కల తగిలి చెదిరి వస్తోందని అర్థం. నేరుగా ఎండ పడని చోట నీడను చూసి టైం లెక్కకట్టొద్దని నాకు ఆ గుడి నేర్పింది.

ఊళ్లో అడగడం

మ్యాప్ మిమ్మల్ని ఊరి దాకా తెస్తుంది. ఇల్లు చూపించేది మనుషులే. బస్‌స్టాండ్ ముందు చాయ్ హోటల్, ఆటో అడ్డా, ఫోటో స్టూడియో, ఈ మూడు చోట్ల అడగండి. సిరీస్ పేరు చెప్తే ఎవరికీ తెలియదు. "జనరేటర్ బండి ఎక్కడ నిలబెట్టిండ్రు అన్నా?" అని అడగండి. రాత్రంతా మోగిన జనరేటర్‌ను ఏ ఊరూ మరిచిపోదు.

ఫోన్‌లో బొమ్మ చూపించేటప్పుడు వెలుగు పూర్తిగా పెంచి, పెద్దవాళ్ల చేతికే ఇవ్వండి. రెండో ఆదివారం దేవరకొండ దగ్గరి ఆ ఊళ్లో కట్ట దిగగానే ఓ పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సిరీస్‌లోని ఓ దర్వాజ బొమ్మ చూసి నవ్వింది.

"ఈ దర్వాజ మాదే బిడ్డా. మూడు దినాలు ఇంట్ల పొయ్యి ముట్టియ్యనియ్యలే. పచ్చ రంగు గూడ ఆళ్లే ఏసిండ్రు."

"ఇప్పుడు నీలం ఉంది కదా పెద్దమ్మా?"

"మా కొడుకు ఏసిండు మళ్ల. అటు జూడు, బందుల కాడ."

తలుపు బందు (కీలు) దగ్గరికి వంగి చూశాను. నీలం పెచ్చు లేచిన చోట గోరంత ఆకుపచ్చ కనిపిస్తోంది. దర్వాజ పైన గోడలో నాలుగు మేకు రంధ్రాలు, రెండేసి ఎదురెదురుగా. సిరీస్‌లో అక్కడ 'గ్రామ పంచాయతీ కార్యాలయం' అని బోర్డు ఉంది. స్క్రీన్‌షాట్‌లో బోర్డు నాలుగు మూలలూ ఆ రంధ్రాల మీదే కూర్చున్నాయి. అంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?

ఇంట్లోకి పిలిస్తేనే పోండి. ఆడవాళ్లు ఉన్నప్పుడు ఫోన్ కెమెరా తెరవకండి. ఇంటి నంబరు, మనుషుల పేర్లు ఎక్కడా పెట్టకండి. ఊరి పేరు పెట్టొచ్చో లేదో కూడా ఆ ఇంటివాళ్లనే అడగండి. నేను అడిగాను, వాళ్ల చిన్నకొడుకు వద్దన్నాడు, జనం వచ్చి తలుపు కొడతారని. అందుకే ఇక్కడ ఆ పేరు రాయడం లేదు.

కెమెరా నిలబడ్డ చోట నిలబడటం

ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. స్క్రీన్‌షాట్‌లో రెండు గుర్తులు ఎంచుకోండి. ఒకటి దగ్గరిది, ఒకటి దూరపుది. నాకు దగ్గరిది కట్ట మీది తూము రాయి, దూరపుది గుట్ట మీద రెండు గుండ్ల మధ్య సందు. బొమ్మలో తూము రాయి కుడి అంచు సరిగ్గా ఆ సందు కింద ఉంది. అక్కడ నిలబడి చూస్తే రాయి సందుకు కుడి పక్కకు కనిపించింది. కుడికి రెండడుగులు వేస్తే రాయి ఎడమకు జరిగి సందు కిందకు వచ్చింది. మీరు ఎటు కదిలితే దగ్గరి వస్తువు దానికి ఎదురు దిక్కుకు జరుగుతుంది, ఇది గుర్తుంటే చాలు. తర్వాత వంగి లేచి ఎత్తు సరిచూసుకోండి. సినిమా కెమెరా చాలాసార్లు మన కంటి కన్నా కిందే ఉంటుంది. నేను కట్ట మీద మోకాళ్ల మీద కూర్చుంటే గానీ తూము రాయి తల నీటి గీతను తాకలేదు. తాకిన క్షణంలో ఒళ్లు జలదరించింది. జీపు లేదు, పోలీసు లేడు, మిగతా అంతా ఉంది.

ఫోన్‌లో జూమ్ చేయకుండా ముందు ఒక ఫోటో, బొమ్మకు సరిపోయేలా జూమ్ చేసి ఇంకొకటి తీయండి. షాట్ తిప్పి ఉంటే మీ ఫోటోను తిప్పకండి, సిరీస్ బొమ్మనే సరిగ్గా తిప్పి పక్కన పెట్టండి. మన గుట్ట ఉన్నది ఉన్నట్టు కనబడాలి.

బయల్దేరే ముందు

మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను అడవిలోకి వదలరు. ఫరహాబాద్ వ్యూ పాయింట్ అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉంది, అటవీశాఖ వాళ్ల అనుమతితో, వాళ్ల బండిలోనే పోవాలి. 'అడవిలో శవం' సీను ఎంత నచ్చినా రోడ్డు దిగి లోపలికి నడవొద్దు. నాగార్జునసాగర్ డ్యాం మీద, దాని దగ్గర్లో డ్రోన్ ఎగరేయొద్దు. పాత కోటల్లో, గుళ్లలో స్టాండ్ పెట్టే ముందు అక్కడి కాపలాదారును అడగండి. మామూలు ఫోన్ ఫోటోకు ఎవరూ పెద్దగా ఏమీ అనరు. ఎండాకాలం ఖిల్లా ఎక్కేవాళ్లు మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకోవాలి, పైన ఏమీ దొరకదు.

ఫోటో తిరిగి ఇచ్చి రండి

మూడో ఆదివారం నేను పోయింది దీనికే. సిరీస్ బొమ్మ, నేను తీసిన ఫోటో పక్కపక్కన పెట్టి స్టూడియోలో పెద్ద సైజు ప్రింట్ తీయించాను. పెద్దమ్మ చేతులు తుడుచుకుని తీసుకుంది. ముందు దర్వాజ చూసింది, తర్వాత గుట్ట. ఆ తర్వాత కింద తెల్ల అంచు మీద వేలు పెట్టి అడిగింది.

"గిండ్ల మా ఊరి పేరేది?"

"మీ వాడు రాయొద్దన్నడు గదా పెద్దమ్మా."

"బయట రాయకు. ఇది మా ఇంట్ల ఉండేదే కద, రాయి."

జేబులో పెన్ను తీసి అరుగు మీదే కూర్చుని రాశాను. గుట్ట పేరు కూడా రాయమంది. రాశాను.